ఇరవై ఒక్కరి పద్దు

మా పెద్ద పెదనాన్న మనవరాలు కాకినాడలో ఎంఏ ఎకనామిక్స్ చదువుతోంది. మొన్నామధ్య రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసి "బాబాయ్, మన ఉమ్మడి ఇంట్లో మొత్తం ఎంతమంది ఉండేవాళ్ళు, ఎవరెవరు ఏ పని చేసేవాళ్ళు, నెలకి ఎంతొచ్చేది, కాస్త గుర్తు చేసుకుని చెప్పవా" అంది. ప్రాజెక్టంట. పెద్ద కుటుంబాల్లో సొంత పని చేసుకుని బతికేవాళ్ళ ఆదాయం ఏళ్ళు గడిచేకొద్దీ ఎలా మారుతూ వచ్చిందో రాయాలంట. వాళ్ళ క్లాసులో అందరూ ఇంటర్నెట్లో లెక్కలు తీసి రాస్తుంటే ఈ పిల్ల మన ఇంటి లెక్కే రాస్తానని కూర్చుంది. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఎందుకంటే ఆ లెక్క నా దగ్గరుంది. తాతయ్య పద్దు పుస్తకాలు, ఎర్రగుడ్డ అట్టవి, పొడుగ్గా కింద నించి పైకి తెరిచే రకం, పద్దెనిమిది పుస్తకాలు, మా హైదరాబాద్ ఫ్లాట్‌లో మంచం కింద ట్రంకు పెట్టెలో ఉన్నాయి. మా ఆవిడ రెండుసార్లు పారేద్దామంది, నేను ఒప్పుకోలేదు.

ఆ రాత్రే పెట్టె లాగేను. మూత తియ్యగానే ఎండు కొబ్బరి వాసన. ఇన్నేళ్ళయినా పోలేదు, ఆ వాసన తగిలేసరికి నేను యాభై ఏళ్ళు దాటినవాణ్ణన్న సంగతే మర్చిపోయి మా అటక కిందకి వెళ్ళిపోయాను.

మాది అంబాజీపేటకి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఓ ఊరు, కాలవగట్టు పక్కనే మండువా పెంకుటిల్లు. ఆ ఇంట్లో ఇరవై ఒక్కరం. తాతయ్య, మామ్మ, నలుగురు కొడుకులు, నలుగురు కోడళ్ళు, భర్త పోయి పుట్టింటికి వచ్చేసిన మా మేనత్త, పిల్లలం పదిమంది. ఎవ్వరికీ నెల జీతం లేదు. మళ్ళీ చెప్తున్నాను, ఇరవై ఒక్కమందిలో ఒక్కరికి కూడా ఒకటో తారీకు అంటే జీతం రోజు అని తెలీదు. మా ఇంట్లో ఒకటో తారీకంటే కేలండర్ కాయితం చింపే రోజు అంతే.

తాతయ్యది, పెద్ద పెదనాన్నది కొబ్బరి. తోటల్లో దింపు, అంటే చెట్ల నించి దించిన కాయ, కొనడం, కాయ ఇంటికి తోలించడం, వలిపించడం, కొంత నీటికాయగా అమ్మేసి మంచి కాయ ఏరి అటక మీద కురిడీకి వెయ్యడం. రెండో పెదనాన్నకి బస్టాండు దగ్గర సైకిల్ షాపు, గంటకి అర్ధరూపాయి అద్దె సైకిళ్ళు, పంచర్లు. మూడోవాడు మా నాన్న, ఆయన దాళ్వాకి, అంటే రెండో పంటకి, మూడెకరాలు కౌలు చేసేవాడు, మిగతా రోజుల్లో కొబ్బరి కొట్టులో లెక్కలు చూసేవాడు. ఆఖరి బాబాయ్ టైలరు, వీధి అరుగు మీదే మిషను. మామ్మకి రెండు గేదెలు. మేనత్తకి పూతరేకుల కుండ. అమ్మ, ఇద్దరు పెద్దమ్మలు, పిన్ని లేసు అల్లేవాళ్ళు. పిల్లలం ఈనెలు చీరి చీపుళ్ళు కట్టేవాళ్ళం, కట్ట అమ్మితే పావలా మాకు ఇచ్చేసేవాళ్ళు, ఆ పావలా కోసం మేం పడ్డ పోట్లాటలు ఇన్నీ అన్నీ కావు.

కురిడీ సంగతి తెలీనివాళ్ళ కోసం చెప్పాలి. వలిచిన కాయని కొబ్బరికాయగా అమ్మేస్తే ఆ రోజు డబ్బు ఆ రోజు. అదే కాయని అటక మీద పేర్చి ఎనిమిది నెల్లు, పది నెల్లు, ఒక్కోసారి ఏడాది వదిలేస్తే లోపల నీళ్ళు ఇంకిపోయి, కొబ్బరి చిప్ప నించి ఊడి, గుండ్రంగా బంతిలా అయిపోద్ది. అది రాజస్థాన్, గుజరాత్, మహారాష్ట్ర వైపు వెళ్ళేది, అక్కడ పూజలకి, పెళ్ళిళ్ళకి. ధర బావుండేది. కానీ ఆ పది నెల్లూ డబ్బు అటక మీద నిద్రపోతూ ఉంటది, కింద ఇరవై ఒక్కమందికి రోజూ రెండు పూటలా అన్నం ఉడకాలి. ఈ ఒక్క ముక్కలోనే మా ఇంటి ఆర్థిక శాస్త్రం అంతా ఉంది.

తాతయ్య నిచ్చెనేసుకుని అటక ఎక్కేవాడు, నేను వెనకాల కిరసనాయిలు బుడ్డి పట్టుకుని. ఒక్కో కాయ తీసి చెవి దగ్గర పెట్టుకుని ఊపేవాడు. నీళ్ళ చప్పుడు వస్తే పక్కకి. ఏ చప్పుడూ లేకపోతే ఇంకా పచ్చి కొబ్బరి చిప్పని పట్టుకునుందని అర్థం, మళ్ళీ అక్కడే. లోపల బంతి కదిలి చెక్క మీద చెక్క కొట్టినట్టు ఠక్ ఠక్ మంటే కళ్ళు మూసుకుని ఇంకోసారి ఊపి నా చేతికిచ్చేవాడు, "ఇదిరా అబ్బాయ్, ఇది మీ బళ్ళో ఫీజు" అనేవాడు. పగలగొట్టి చూశాక పెద్దవి గండేరా, దాని కింద రకం గటగట. ఈ మాటలు ఇప్పటికీ పేపర్లో కొబ్బరి ధరల పట్టీలో వేస్తారు, హైదరాబాద్‌లో ఎప్పుడైనా గోదావరి జిల్లా ఎడిషన్ దొరికితే నేను ముందు ఆ పట్టీనే చూస్తాను, కొనేది లేదు అమ్మేది లేదు, ఊరికే.

లెక్కపెట్టేటప్పుడు తాతయ్య ఒకటి అనేవాడు కాదు. "లాభం" అని మొదలుపెట్టి, రెండు, మూడు అని వెళ్ళేవాడు. ధాన్యం కొలిచినా అంతే, కాయలు లెక్కపెట్టినా అంతే. మా పిల్లలందరం ఒకటో క్లాసులో టీచర్ అంకెలు చెప్పమంటే లాభం అన్నవాళ్ళమే.

మర్నాడు సాయంత్రం ఫోన్లో ఆ పిల్లకి పద్దులు చదువుతూ ఉంటే అది టైప్ చేసుకుంటోంది. 1982 నించి మొదలుపెట్టేం. తాతయ్య రాత గొలుసుకట్టు, ఒక్కో పేజీ చదవడానికి పది నిమిషాలు. మధ్యలో అది నాకు కొన్ని సంగతులు చెప్పింది, అవి విన్నప్పట్నించీ నాకు మనసులో తిరుగుతూనే ఉన్నాయి. మన దేశంలో పీఎల్ఎఫ్ఎస్ అని పనుల మీద సర్వే చేస్తారంట, ఇంటింటికీ వచ్చి అడుగుతారంట. దాన్లో 2017-18లో పనిచేసేవాళ్ళలో సొంత పని చేసుకునేవాళ్ళు 52.2 శాతం ఉంటే 2023-24కి 58.4 శాతం అయ్యారంట. అంటే దేశంలో పనిచేసేవాళ్ళలో సగం మంది కంటే ఎక్కువ మా తాతయ్య, మా బాబాయ్ లాంటివాళ్ళే అన్నమాట, జీతం లేనివాళ్ళు. నేను బ్యాంకులో ముప్పై ఏళ్ళు నెల జీతం తీసుకుని అదే మామూలు అనుకుంటూ బతికేను.

"సొంత పని చేసేవాళ్ళని ఆదాయం ఎలా అడుగుతారమ్మా" అన్నాను.

"గడిచిన ముప్పై రోజుల్లో ఎంత వచ్చిందని అడుగుతారు బాబాయ్."

నాకు వెంటనే అటక గుర్తొచ్చింది. ముప్పై రోజులు! ఆషాఢంలో వచ్చి మా తాతయ్యని అడిగుంటే ఏం చెప్పేవాడు? అటక మీద పదకొండు వేల కాయ ఉంది, చేతిలో పదకొండు రూపాయలు లేవు. అదే దసరా ముందు లారీ ఎత్తిన నెలలో అడిగుంటే ఊళ్ళో మోతుబరి మా తాతయ్యే. ఒకే మనిషి, ఒకే ఏడాది. సర్వే చేసేవాళ్ళని తప్పుపట్టడం లేదు నేను, ఏడాది పొడవునా వేరే వేరే ఇళ్ళకి వెళ్తారు కాబట్టి మొత్తమ్మీద సరిపోద్దని ఆ పిల్ల చెప్పింది, దేశం లెక్కకి సరిపోద్దేమో. ఒక ఇంటి కథ మాత్రం ముప్పై రోజుల్లో దొరకదు.

1985 పుస్తకం మొత్తం చదివేసరికి ఓ సంగతి తెలిసింది, నేను ఆ ఇంట్లోనే పుట్టి పెరిగి కూడా ఎప్పుడూ గమనించలేదు. కొబ్బరి కాలమ్ ఒక్కటే చూస్తే గోదారికి వరదొచ్చినట్టు ఉంటది, ఒక నెల మిగులు 4,000 పైన, తర్వాతి రెండు నెల్లు సున్నా, ఓ నెల అప్పు. కానీ అడుగున వేసిన ఇంటి మొత్తం చూస్తే ఒక్క నెల కూడా సున్నా లేదు. ఒక్కటంటే ఒక్క నెల కూడా! ఎందుకంటే జూన్‌లో కొబ్బరి పడుకుంటే బళ్ళు తెరిచేవాళ్ళు, బాబాయ్ మిషను రాత్రి పన్నెండు దాకా యూనిఫాంలు కుట్టేది. ఆషాఢంలో టైలరింగ్ లేకపోతే నాట్లకి వెళ్ళేవాళ్ళు అద్దె సైకిళ్ళు తీసుకెళ్ళేవాళ్ళు. వానలకి సైకిళ్ళు ఆగితే శ్రావణమాసం వచ్చి నోములకి కొబ్బరికాయ, జాకెట్లు, రేకులు అన్నీ ఒకేసారి కదిలేవి. ఏప్రిల్ ఆఖర్లో కాలవలు కట్టేసేక పనుల్లేని రోజుల్లో దాళ్వా ధాన్యం డబ్బు చేతికొచ్చేది. ఎవరూ కూర్చుని ఇలా ప్లాన్ చెయ్యలేదు. నలుగురు కొడుకులు నాలుగు పనులు నేర్చుకున్నారు, ఎవడి ఇష్టం వాడిది, తాతయ్య మాత్రం ఒక్కమాట అనేవాడంట, "నలుగురూ ఒకే పడవెక్కకండ్రా" అని. అమ్మ చెప్పింది.

ఆ మాట ఎంత నిజమో 1986 పుస్తకంలో ఉంది. ఆ ఆగస్టు వరద మా వైపు పెద్దవాళ్ళెవరూ మర్చిపోరు. ధవళేశ్వరం దగ్గర అంత నీరు ముందెప్పుడూ చూడలేదన్నారు. లంకల్లో రెండు తోటలకి తాతయ్య ముందే డబ్బు కట్టేసి దింపు తీయించి కాయ అక్కడే రాశి పోయించాడు, పడవలు దొరక్క. రాశి మొత్తం తేలిపోయింది. గట్టు మీద నించి చూస్తుంటే ఎర్రనీళ్ళ మీద కాయలు తలకాయల్లా వెళ్ళిపోతున్నాయని పెదనాన్న ఎప్పుడూ చెప్పేవాడు. ఆ పేజీలో ఖర్చు వైపు తాతయ్య ఇలా రాశాడు: "గోదారి తల్లికి, 3,200 కాయ." అంతే, ఇంకేం లేదు. రూపాయల్లో కూడా వెయ్యలేదు. నేను ఫోన్లో చదువుతుంటే అవతల ఆ పిల్ల కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ఇది ఏ కాలమ్‌లో వెయ్యాలి బాబాయ్" అంది.

మేనత్త గురించి చెప్పాలి ఇక్కడ. ఆవిణ్ణి ఆత్రేయపురం ఇచ్చారు. ఆవిడకి ఇరవై ఏడేళ్ళకే మావయ్య పోయారు, పిల్లల్లేరు, ఓ కుండ, ఓ గుడ్డ సంచి పట్టుకుని పుట్టింటికి వచ్చేసింది. ఆ కుండే పూతరేకుల కుండ. పెరట్లో పాక వేసుకుని దాన్ని బోర్లించి కింద ఎండు కొబ్బరాకు మంట పెట్టేది, ఆకు మా ఇంట్లో ఎప్పుడూ దండిగా ఉండేది కదా, కట్టెల ఖర్చు లేదు. నానబెట్టిన బియ్యం మెత్తగా రుబ్బి, మజ్జిగ కంటే పల్చగా కలిపి, తెల్ల పాతగుడ్డ దాన్లో ముంచి, కుండ వీపు మీద ఒక్క లాగు లాగేది. చెయ్యి అటు వెళ్ళేలోపే పిండి పొరలా అంటుకుని ఎండిపోయేది, అంచు పట్టుకుని ఊదితే లేచొచ్చేది. మంట ఎక్కువైతే చిల్లు, తక్కువైతే ముద్ద. ఆవిడ మంటకేసి చూసేది కాదు, మోచెయ్యి మీద వేడి తగిలేదాన్ని బట్టి ఆకు తోసేది. ఆవిడ కుడిచేతి వేళ్ళ చివర్లు ఎప్పుడూ నున్నగా ఉండేవి, రేఖలు అరిగిపోయి. తర్వాత రోజుల్లో ఆధార్ తీయించుకోడానికి వెళ్తే వేలిముద్ర పడక నాలుగుసార్లు తిరిగింది.

వంద రేకులకి ఇంత అని మిఠాయి కొట్టువాడు ఇచ్చేవాడు. పెళ్ళిళ్ళ రోజుల్లో రోజుకి మూడు నాలుగొందల రేకులు తీసేది. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి జీఐ గుర్తింపు, అంటే ఇది ఆ ఊరి సరుకే అని ఇచ్చే ముద్ర, వచ్చిందని టీవీలో చెప్తుంటే ఆవిడ లేదు చూడ్డానికి, అంతకు ముందు ఏడాదే పోయింది.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నది. ఆ పిల్ల రెండు రోజులు టైప్ చేశాక అడిగింది, "బాబాయ్, అత్తమ్మ రేకుల డబ్బు, చిన్న మామ్మ వాళ్ళ లేసు డబ్బు ఎక్కడా రాలేదేంటి?"

వెతికేను. 1982 లేదు, 83 లేదు, 84, 85... అప్పటిదాకా చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. కొబ్బరి ఉంది, సైకిల్ ఉంది, మిషను ఉంది, కౌలు ఉంది, ఆఖరికి గేదెల పాలు కూడా ఉన్నాయి ఎందుకంటే పాలకేంద్రం వాడు చీటీ ఇచ్చేవాడు. ఇంట్లో అయిదుగురు ఆడవాళ్ళు పొద్దున్నించి రాత్రి దాకా చేసిన పనికి ఒక్క లైను లేదు.

అమ్మకి ఫోన్ చేశాను. అమ్మకిప్పుడు డెబ్భై ఎనిమిది, చెల్లి దగ్గర రావులపాలెంలో ఉంటోంది. అమ్మ పుట్టిల్లు నరసాపురం దగ్గర. పెళ్ళై వచ్చేటప్పుడు నరసాపురం రేవులో పంటు పడవెక్కి వశిష్ఠ గోదారి దాటి సఖినేటిపల్లి వైపు దిగిందంట, ట్రంకులో చీరల కింద రెండు క్రోషా సూదులు, సగం అల్లిన టేబుల్ క్లాతు. మా అత్తారింట్లో ఎవరికీ రాదు లేసు, వాళ్ళకి నేనే నేర్పేనని ఇప్పటికీ గర్వంగా చెప్తది. మధ్యాహ్నం వంట సర్దేశాక మండువాలో నలుగురు తోడికోడళ్ళూ గుండ్రంగా కూర్చునేవాళ్ళు, మధ్యలో దారం కండెలు ఇత్తడి గిన్నెల్లో, మట్టి అంటకుండా. మాట్లాడుకుంటూనే అల్లేవాళ్ళు, చేతులకేసి చూసేవాళ్ళు కాదు. పిల్లలం పరిగెడితే దారం కాళ్ళకి చుట్టుకుని దెబ్బలు తినేవాళ్ళం. పదిహేను రోజులకోసారి ఒకాయన సైకిలేసుకుని వచ్చి దారం ఇచ్చి అల్లింది పట్టుకెళ్ళేవాడు. దారం లెక్కన కూలి. అది ఎంత తక్కువో చెప్తే ఇప్పటివాళ్ళు నమ్మరు, రోజంతా అల్లితే ఆ రోజుల్లో కూలికెళ్ళిన మనిషికి వచ్చేదాంట్లో నాలుగో వంతు కూడా రాదు. పైగా మురికి పట్టిందని కోత, వదులుగా అల్లేరని కోత. ఆ లేసు ఎక్కడో విదేశాల్లో బల్లల మీద పరిచేవాళ్ళంట, అల్లినవాళ్ళ ఇంట్లో మాత్రం బల్లే లేదు.

"అమ్మా, ఆ డబ్బు ఏం చేసేవాళ్ళు? తాతయ్య పుస్తకంలో లేదు" అన్నాను.

"పుస్తకంలో ఎందుకుంటాది నాన్నా, అది మీ మామ్మ తవుడు డబ్బాలో ఉండేది" అంది.

తవుడు డబ్బా! గేదెలకి తవుడు పోసే పెద్ద రేకు డబ్బా, పెరటి గుమ్మం పక్కన. అడుగున పాత గుడ్డలో చుట్టి లేసు డబ్బు, రేకుల డబ్బు మామ్మ దాచేదంట. మగాళ్ళు తవుడు డబ్బాలో చెయ్యి పెట్టరు కదా. ఆ డబ్బుతోనే మా అందరి పుస్తకాలు, మా అక్క నిశ్చితార్థానికి వెండి పట్టీలు, పిన్నికి కాన్పు కష్టమై అమలాపురం తీసుకెళ్తే అప్పటికప్పుడు కట్టిన డబ్బు. నాకు ఇంటర్ ఫీజు తాతయ్య కురిడీలోంచి వచ్చిందనుకుంటూ నలభై ఏళ్ళు బతికేను. "ఆ ఏడు కురిడీ ఎక్కడిదిరా, బూజట్టి సగం పోయింది, నీ ఫీజు నా టేబుల్ క్లాతులు, మీ అత్త రేకులు" అంది అమ్మ, చాలా మామూలుగా, ఏదో కూర గురించి చెప్పినట్టు.

నేను ఫోన్ పెట్టేసి బాల్కనీలో చాలాసేపు కూర్చున్నాను.

ఆ పిల్లకి చెప్తే అది ఇంకో లెక్క చెప్పింది. ఇంటి వ్యాపారంలో జీతం లేకుండా సాయం చేసేవాళ్ళని సర్వేలో సొంత పనివాళ్ళ కిందే కలుపుతారంట. వాళ్ళు 2017-18లో పనిచేసేవాళ్ళలో 13.6 శాతం, 2023-24లో 19.4 శాతం. వాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. వాళ్ళు పనిచేస్తున్నట్టు లెక్కలోకి వస్తారు, ఆదాయం దగ్గరికి వచ్చేసరికి వాళ్ళ పేరు మీద ఏమీ ఉండదు. మా పెద్ద పెద్దమ్మ రోజూ పొద్దున్నే రాశి దగ్గర కూర్చుని ముక్కుడు కాయ వేరు, మంచి కాయ వేరు ఏరేది, వలిచినవాళ్ళకి టీలు, టిఫిన్లు, సాయంత్రం డొక్క ఎండబెట్టించడం, అటక కింద పొగ పెట్టడం. ఆవిడ లేకపోతే ఆ వ్యాపారం ఒక్క వారం నడవదు. అయినా ఆవిణ్ణి ఎవరైనా ఏం చేస్తుంటారమ్మా అంటే "నేనేం చేస్తానండీ, ఇంట్లోనే" అనేది.

1996 నవంబర్ 6, తుఫాను. దీపావళి ఇంకో నాలుగు రోజులుందనగా. అప్పటికి నేను ఉద్యోగం వచ్చి ఏలూరులో ఉన్నాను. మూడో రోజుకి గానీ ఊరు చేరలేకపోయాను. రావులపాలెం దాటేక రోడ్డు మీద చెట్లే చెట్లు, నరుక్కుంటూ, దాటుకుంటూ నడిచేను. కోనసీమలో పుట్టినవాడికి ఆకాశం ఎప్పుడూ ఆకుల మధ్య నించి ముక్కలుగా కనపడతది. ఆ రోజు మా ఊరి పొలిమేరలో నిలబడితే మొత్తం ఆకాశం కనపడింది. అది చూసి ఏడ్చేను.

ఇంటి పెంకులు సగం లేవు. అటక మీద కురిడీ తడిసి నల్లబడిపోయింది. తాతయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు, ఒళ్ళో పుస్తకం తెరిచి ఉంది, కలం లేదు. పడిపోయిన చెట్టు దూలానికి పనికొస్తదని కొనడానికి వచ్చినవాళ్ళు ఎంతిస్తే అంత, బేరం లేదు. నాటిన మొక్క కాపుకి రావాలంటే అయిదారేళ్ళు తక్కువ కాదు, ఆయనకప్పటికే డెబ్భై ఆరు.

ఆ పుస్తకంలో నవంబర్ పేజీ ఖాళీ. డిసెంబర్ నించి రాత మారింది, అది మా నాన్న రాత. మిషను 900, సైకిల్ షాపు 450. దాని కింద, పద్దెనిమిది పుస్తకాల్లో మొట్టమొదటిసారి, "కోడళ్ళ లేసు 640. అక్క రేకులు 380." కొబ్బరి అని రాసి ఎదురుగా గీత.

తవుడు డబ్బా మామ్మ ఆ నెలలో అందరి ముందూ బోర్లించిందంట. అమ్మ చెప్పింది. మండువాలో చాప మీద గుడ్డ విప్పి నోట్లు, చిల్లర పోసి, "ఇదుంది, బియ్యం తెండి" అందంట. తాతయ్య ఆ డబ్బుకేసి చూసి, మా నాన్నని పిలిచి "ఇది కూడా రాయి" అన్నాడంట. ఆ మూడు నెల్లూ ఇల్లు గడిచింది దాంతోనే, బాబాయ్ మిషనుతోనే.

ఆ తర్వాత ఇల్లు నిలబడలేదు. గొడవలేం లేవు పెద్దగా, కాని కొబ్బరి పోయేక అందర్నీ కట్టిపడేసే తాడు తెగినట్టయింది. పెద్ద పెదనాన్న కొడుకు మస్కట్ వెళ్ళాడు, సైకిల్ అద్దెలు మోపెడ్లు వచ్చేక ఎలాగూ పోయాయి, బాబాయ్ మిషను పట్టుకుని రాజమండ్రి వెళ్ళిపోయాడు. 1999 ఉగాదికి వేరు పడ్డాం. నాలుగు పొయ్యిలు, నాలుగు రేషన్ కార్డులు, నాలుగు కరెంటు మీటర్లు.

ఆ పిల్ల అడిగింది, వేరు పడ్డాక బాగుపడ్డామా లేదా అని. ఇదే దాని ప్రాజెక్టులో అసలు ప్రశ్నంట. ఇద్దరం కూర్చుని లెక్కేసేం. 1988లో ఇంటి మొత్తం మిగులు 61,300. ఇరవై ఒక్కరికి పంచితే తలకి ఏడాదికి 2,900 చిల్లర, నెలకి 243 రూపాయలు. 2004లో మా నాన్న ఒక్కడి సంపాదన, కౌలు, చిన్న కొబ్బరి కమీషను కలిపి, 72,000, ఇంట్లో నలుగురు. తలకి 18,000. ధరలు పెరిగింది తీసేసినా ఎక్కువే. కాయితం మీద చూస్తే పెద్ద కుటుంబం బీదగా ఉంది, చిన్న కుటుంబం బాగుపడింది. అది అబద్ధం కాదు. అమ్మకి సొంత గది వచ్చింది, మొదటిసారి తనకి నచ్చిన చీర తను కొనుక్కుంది, పిన్ని కూడా రాజమండ్రి వెళ్ళాకే నవ్వడం నేర్చుకున్నానంటది. ఉమ్మడి కుటుంబం స్వర్గం అని రాసేవాళ్ళు ఆ వంటింట్లో రెండు గంటలు నిలబడి చూడాలి.

కాని 2004లో నాన్న డైరీ తీస్తే మూడు నెల్లు సున్నా ఉన్నాయి. కొబ్బరికి నల్లి పురుగు పట్టి కాయ చిన్నదైపోయిన రోజులవి. మే, జూన్, సెప్టెంబర్. సున్నా పక్కన "చేబదులు" అని, ఎవరి దగ్గర తెచ్చాడో ఆ పేర్లు. 1988లో 243 రూపాయలతో బతికిన ఇరవై ఒక్కమందికి ఒక్క సున్నా నెల లేదు. తలకి పంచిన లెక్కలో ఈ సంగతి ఎక్కడా కనపడదు, అందుకే ఆ పిల్లకి గట్టిగా చెప్పేను, ఏడాది మొత్తం ఒక్కటే వెయ్యకు, పన్నెండు నెల్లూ విడివిడిగా గీతలా గీసి పెట్టు, రెండు గీతలూ పక్కపక్కన పెట్టు, ఒకటి ఎత్తు తక్కువ కాని తిన్నగా ఉంటది, ఇంకోటి పైకెళ్ళి పాతాళానికి దిగుతది, మీ సార్‌ని ఆ రెండూ చూడమను అని. అది గీసి వాట్సాప్‌లో పంపింది. అచ్చం అలాగే ఉంది.

నిరుడు 2025లో కొబ్బరి ధర ఎప్పుడూ లేనంత పెరిగింది. ఊళ్ళో మిగిలిన మా పెదనాన్న కొడుకు మాకు ఫోన్ చేసి "ఇప్పుడు తాతయ్య ఉండాలిరా" అన్నాడు. వాడి తోటలో కాయ తక్కువ, అటక ఎప్పుడో తీసేసి స్లాబ్ వేసేశాడు.

ఇంకో పనుంది. ఆ పిల్ల తన టేబుల్లో కొత్త కాలమ్ ఒకటి పెట్టింది, "తవుడు డబ్బా" అనే పేరు పెట్టింది, సార్ ఒప్పుకుంటాడో లేదో తెలీదు. దాన్లో 1982 నించి 1996 దాకా అంతా ఖాళీ. పుస్తకం లేదు కాబట్టి అమ్మని అడుగుతున్నాం. రోజూ రాత్రి ఎనిమిదింటికి ముగ్గురం వీడియో కాల్. అమ్మకి ఏ ఏడు ఎన్ని కండెలు అల్లిందో పిల్లల పుట్టుకలతో, పెళ్ళిళ్ళతో గుర్తు. "మీ చెల్లి పుట్టిన ఏడు దుప్పటి ఆర్డరొచ్చింది, ఆ ఏడు ఎక్కువే" ఇలా. నిన్న రాత్రి 1984 దగ్గర ఆగేం. అమ్మ కళ్ళు మూసుకుని వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టడం మొదలెట్టింది, "లాభం, రెండు, మూడు..."

"లాభమేంటి మామ్మా, ఎన్ని అని కదా అడిగేను" అంది ఆ పిల్ల.

"ఉండవే, మధ్యలో ఆపితే తప్పిపోద్ది" అని అమ్మ మళ్ళీ మొదట్నించి అందుకుంది.